అమ్మ పుట్టినరోజు, తాతయ్య తద్దినం

మా అమ్మ పుట్టినరోజుకి ఏటా గారెలు వండేవాళ్లు. ఈ మాట ఎవరితో అన్నా "అబ్బ, మీ అమ్మగారు అదృష్టవంతురాలండీ" అంటారు. ఏం అదృష్టం, నా మొహం! ఆ గారెలు అమ్మ కోసం కాదు, తాతయ్య తద్దినం కోసం. శ్రావణ శుద్ధ దశమి మా అమ్మ పుట్టిన తిథి. ఆమెను కన్న తండ్రికి తద్దినం పెట్టే తిథీ అదే. తలంటు, తద్దినం ఒక్క రోజున కుదరవు కదా, అందుకని డెబ్భై ఏళ్లుగా అమ్మే ఓడిపోతూ వచ్చింది.

నేను లెక్కల టీచర్ని. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి కూడికలూ తీసివేతలూ నేర్పి రిటైరయ్యాను. నాకు నోరు పెద్దది, కోపం ఇంకా పెద్దది. "బెంజ్ సర్కిల్‌కి ఫ్లైఓవరు వేసినా ట్రాఫిక్ తగ్గలేదు, నువ్వు రిటైరైనా కోపం తగ్గలేదు" అంటారు మా ఆయన. మా ఫ్లాటు ఆ సర్కిల్ వెనక సందులోనే కాబట్టి ఆయనకి రెండూ బాగా తెలుసు. అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆమెకి కోపం రాదు. నాకు వచ్చేదంతా ఆమె వాటాయే అయి ఉంటుంది.

జరిగింది ఇదీ. కంకిపాడు దాటాక ఓ పల్లెలో తాతయ్య వాళ్లది వ్యవసాయ కుటుంబం. ఇద్దరన్నదమ్ముల్లో ఆయన చిన్నవాడు. పెళ్లయిన కొత్తలోనే పటాలంలో చేరిపోయాడు. భార్య కడుపుతో ఉందని తెలిసీ తెలియకముందే సింగపూరుకి ఓడెక్కించారు. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మా అమ్మమ్మకి పుట్టింట్లో తల్లి లేదు, అందుకని పురుడు అత్తవారింట్లోనే పోశారు. లోపల మంత్రసాని బిడ్డకి నీళ్లు పోస్తోంది, బయట వాకిట్లోకి టెలిగ్రాం వచ్చింది. బడి మేస్టారు చదివి చెప్పారట: సింగపూరు శత్రువుల చేతికి పోయింది, మీవాడి ఆచూకీ తెలియడం లేదు.

ఆచూకీ తెలియడం లేదు అంటే పోయాడని కాదు. అది అప్పుడు ఎవరు ఆలోచిస్తారు? వాకిట్లో ఎవరో "పుట్టగానే తండ్రిని మింగింది" అన్నారు. ఎవరన్నారో ఈ రోజుకీ ఎవరూ చెప్పరు. ఊళ్లో పుట్టే మాటకి తల్లీ తండ్రీ ఉండరు. కానీ ఆ మాట మాత్రం పెరిగి పెద్దదైంది. పెళ్లివారు బయల్దేరుతుంటే మా అమ్మని పెరట్లోకి పంపేవాళ్లు, ఎదురొస్తుందని. నాట్లు మొదలుపెట్టే రోజున గట్టు మీదకి రానిచ్చేవాళ్లు కాదు. ఇవన్నీ అమ్మ నవ్వుతూ చెబుతుంది, వింటున్న నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

యుద్ధం అయ్యాక సర్కారు నుంచి పెన్షన్ కాగితం వచ్చింది. సింగపూరులో ఖైదీగా ఉండి పోయాడని మేస్టారు చదివారు. ఏ రోజున పోయాడని ఎవరూ అడగలేదు. అమ్మమ్మ పెన్షన్ తీసుకుంది గానీ బొట్టు తీయనంది. "పెన్షన్ సర్కారు ఇచ్చింది, బొట్టు సర్కారు ఇచ్చింది కాదు. శవాన్ని చూపించమనండి, తీస్తాను" అందట. సరే, మనిషి కనిపించకుండా పోతే పన్నెండేళ్లు చూడాలని ఆచారం ఉంది. చూశారు. పన్నెండేళ్లు నిండాక దర్భలతో మనిషి బొమ్మ చేసి, కాలవ గట్టున కట్టెలు పేర్చి దహనం చేశారు. పోయిన తిథి తెలియకపోతే కబురు విన్న రోజునే తిథిగా పట్టుకోవాలి, అదీ ఆచారమే. మా ఇంటికి మొదటి కబురు వచ్చింది శ్రావణ దశమినాడు. అంతే, తద్దినం ఆ రోజుకి స్థిరపడిపోయింది. అమ్మ పుట్టినరోజు కూడా అదేనని పెద్దవాళ్లలో ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినా మాట్లాడలేదేమో.

తాతయ్యకి కొడుకుల్లేరు. అందుకని ఆ దర్భ బొమ్మకి ఆయన అన్నగారి కొడుకు నిప్పు పెట్టాడు. అంటే మా అమ్మకి వరసకి అన్నయ్య, నాకు మావయ్య. అప్పుడు ఆయనకి పదిహేడేళ్లు. ఇప్పుడు ఎనభై ఎనిమిది. ఇన్నేళ్లలో ఒక్క ఏడు తప్పించలేదు. పంతులుగారికి స్వయంపాకం ఇచ్చి, తాతయ్య ఫొటో ముందు ఆకు వేసి, గారెలు, పరవాన్నం, అరటికాయ కూర వడ్డించి, పక్కన కొత్త పంచె, ఒక చుట్ట, ఒక అగ్గిపెట్టె పెడతాడు. తాతయ్యకి చుట్ట ఇష్టమట. ఫొటోలో చూస్తే ఆ కుర్రాడికి మీసాలైనా సరిగ్గా రాలేదు. "మా నాన్న నా మనవడికంటే చిన్నవాడే, ఆ చుట్ట మానెయ్యమని ఎవరైనా చెప్పండ్రా" అంటుంది అమ్మ.

అమ్మ ఆధార్ కార్డులో పుట్టినరోజు జూలై ఒకటి. బడిలో మేస్టారు ఆ కాలం పిల్లలందరికీ రాసినట్టే రాసేశారు. ఏటా ఆ రోజు బ్యాంకు వాళ్లు శుభాకాంక్షలు అని మెసేజ్ పంపుతారు. అమ్మ ఆ ఫోన్ పట్టుకుని ఇంట్లో అందరికీ చూపిస్తుంది. "నన్ను తలుచుకునేది వీళ్లొక్కళ్లే, అదీ తప్పు రోజున" అంటుంది.

కిందటేడు ఎండాకాలం చివర్లో మా రిటైర్డ్ టీచర్లం పన్నెండుమందిమి కలిసి నాలుగు రోజుల సింగపూరు టూరు వేసుకున్నాం. ఆ మాట చెప్పగానే అమ్మ ఏరుతున్న కరివేపాకు పక్కన పెట్టింది.

"అక్కడెక్కడో యుద్ధంలో పోయినవాళ్ల శ్మశానం ఉందటగా. మీ తాతయ్య పేరు ఉందేమో చూసిరా" అంది.

"పేరు వాళ్లు ఎలా రాసుకున్నారో ఏం తెలుస్తుందమ్మా?"

"పేరెందుకే, నంబరు చెబుతా రాసుకో" అని గుక్క తిప్పుకోకుండా పటాలం నంబరు చెప్పేసింది. చిన్నప్పుడు అమ్మమ్మతో కలిసి పెన్షన్ కోసం వెళ్లినప్పుడల్లా గుమాస్తాకి ఆ నంబరు చెప్పాల్సింది అమ్మేనట. ఆవిడకి తండ్రి గొంతు తెలీదు, తండ్రి నంబరు మాత్రం ఎక్కం లాగా వచ్చు.

గన్నవరం ఎయిర్‌పోర్టులో బ్యాగు సర్దుకుంటుంటే కందిపొడి డబ్బా కింద ఒక చుట్ట, ఒక అగ్గిపెట్టె బయటపడ్డాయి. ఆ దేశంలో అలాంటివి పట్టుకెళితే ఊరుకోరని టూరు మేనేజరు ముందురోజే మమ్మల్ని బెదిరించి ఉన్నాడు. అక్కడే నిలబడి ఫోన్లో అమ్మ మీద కేకలేశాను. చుట్టుపక్కల నలుగురూ ఆగి చూశారు.

"సరేలేవే, పారెయ్. గారెలైనా ఉంచు. రాత్రే వేయించాను" అంది తాపీగా. చూస్తే అరిటాకులో చుట్టి రెండు గారెలు కూడా ఉన్నాయి.

రెండోరోజు పొద్దున మావాళ్లంతా షాపింగుకి బయల్దేరితే నేను టాక్సీ మాట్లాడుకుని శ్మశానానికి వెళ్లాను. ఊరికి దూరంగా, చిన్న దిబ్బ మీద. శ్మశానమంటే మనకి తెలిసిన శ్మశానం కాదది. పచ్చటి గడ్డి, దాని మీద వరసలు వరసలుగా తెల్లటి రాళ్లు, ఒక్కో రాయి మొదట్లో పూలమొక్క. ఒక్కో రాతి కింద ఒక్కో కుర్రవాడు. ఇరవై, ఇరవై ఒకటి, పంతొమ్మిది. నా టెన్త్ క్లాసు పిల్లలకంటే నాలుగైదేళ్లు పెద్ద, అంతే. కొన్ని రాళ్ల మీద పేరు కూడా లేదు.

గేటు దగ్గర గోడలో చిన్న అర, దానికో తలుపు, లోపల పోయినవాళ్ల పట్టిక పుస్తకాలు. ఎవరైనా తీసి చూసుకోవచ్చు. మన దగ్గరైతే తాళం వేసి, తాళంచెవి పట్టుకున్నాయన సెలవులో ఉండేవాడు. పేరు కోసం వెతికితే నేను అనుకున్నట్టే అయింది, నాలుగు రకాలుగా వెతికినా దొరకలేదు. అయిదో రకంలో, తాతయ్య ఇంటిపేరుకి తల తీసేసి తోక మిగిల్చిన చోట, అమ్మ చెప్పిన నంబరు కనిపించింది. వేలు పెట్టి ఒక్కో అంకె సరిచూశాను. అదే. ఫలానా వారి కొడుకు, ఫలానా ఆమె భర్త, కృష్ణా జిల్లా. ఖైదీగా ఉండగా మరణం. వయసు ఇరవై నాలుగు. పక్కనే పోయిన తేదీ.

ఆ తేదీ చూసి మొదట అచ్చు తప్పనుకున్నాను. చేతి సంచిలోంచి బిల్లు కాగితం తీసి వెనక రాసి తీసివేత వేశాను. అమ్మ పుట్టింది సింగపూరు పోయిన ఏడు శ్రావణంలో, అంటే ఆగస్టులో; సంవత్సరంలోంచి సంవత్సరం, నెలలోంచి నెల. మళ్లీ వేశాను. ముప్పై నాలుగేళ్లు బోర్డు మీద వేసిన లెక్కే, మూడోసారి కూడా వేశాను. రెండేళ్ల అయిదు నెలలు. అమ్మ పుట్టాక తాతయ్య రెండేళ్ల అయిదు నెలలు బతికే ఉన్నాడు.

ఆయనకి విడిగా రాయి లేదు. దహనమైనవాళ్ల పేర్లన్నీ కలిపి ఒక చోట చెక్కారు. వీళ్లని వాళ్ల వాళ్ల ఆచారం ప్రకారం సాగనంపారని అక్కడ రాసి ఉంది. ఆ పేరు మీద చెయ్యి ఆనించి అమ్మకి వీడియో కాల్ చేశాను.

"అమ్మా, దొరికాడు!"

"ఎవరే?"

"మీ నాన్న!"

అమ్మ మొహం ఫోనుకి మరీ దగ్గరగా వచ్చింది. నాకు ఒక ముక్కు, సగం కళ్లజోడు మాత్రమే కనిపిస్తున్నాయి. పేరు చూపించాను. ఫోను తిప్పి రాళ్ల వరసలన్నీ చూపించాను.

"ఆ గడ్డి ఎవరు కోస్తున్నారే? మన మాగాణి గట్లు కూడా ఇంత శుభ్రంగా ఉండవు" అంది. తర్వాత, "దహనమే చేశారా? పూడ్చలేదా?"

"దహనమేనమ్మా. తోటి ఖైదీలే చేసుంటారు."

"వాళ్లకే తినడానికి లేదంటారు. కట్టెలు ఎక్కడ తెచ్చారో తండ్రీ" అంది. ఆ వెంటనే తనే నవ్వింది. "ఇక్కడ మీ మావయ్య దర్భ బొమ్మని కాల్చాడు, అక్కడ వాళ్లు మనిషినే కాల్చారు. మా నాన్నకి రెండుసార్లు అయిందన్నమాట, ఎంత భోగం!"

అప్పుడు చెప్పాను తేదీ సంగతి. తెర మీద ముక్కు కదల్లేదు. ఫోన్ ఆగిపోయిందనుకుని ఊపి చూశాను.

"లెక్క సరిగ్గా వేశావా?" అంది.

"మూడుసార్లు వేశాను."

"నాకు వినపడేట్టు మళ్లీ వెయ్."

వేశాను, రెండో తరగతి పిల్లకి చెప్పినట్టు, ఒక్కో నెలా పైకి చెబుతూ. అంతా విని అమ్మ మెల్లగా అంది, "అయితే నేను పాకేటప్పుడు ఉన్నాడు. అడుగులేసేటప్పుడూ ఉన్నాడు. నాకు మాటలొచ్చేటప్పటికి కూడా ఉన్నాడు." ఆ తర్వాత ఒక్కసారి గట్టిగా ముక్కు చీది, "ఎండలో నిలబడకు. ఆ గారెలు పిట్టలకి గిట్టలకి వెయ్యకు, జరిమానా వేస్తారేమో. నువ్వే తిను, ఆయన తిన్నట్టే" అని ఫోన్ పెట్టేసింది. అక్కడే మెట్టు మీద కూర్చుని రెండు గారెలూ తిన్నాను. పంతులుగారి పని, కాకి పని నేనొక్కదాన్నే చేసినట్టయింది.

నేను తిరిగొచ్చిన వారానికి అమ్మ కాఫీ తాగుతూ తాపీగా చెప్పింది. "ఈ శ్రావణ దశమికి నాకు తలంటు కావాలే. మాడు మీద పెద్దవాళ్ల చేత నూనె పెట్టించుకుని, కొత్త చీర కట్టుకుని, నా పుట్టినరోజని చెప్పుకుని పాయసం తాగాలి. నాకు పెద్దవాడంటే ఇక మీ మావయ్యొక్కడే మిగిలాడు. ఆయనే పెట్టాలి. నేనడగను. నువ్వెళ్లి చెప్పు."

ఎనభై రెండేళ్లలో అమ్మ తన కోసమని అడిగిన కోరిక ఇదొక్కటే. పోనీ బంగారమడిగినా బాగుండేది, మావయ్యని ఒప్పించడం కంటే సులువు.

మర్నాడే మా పంతులుగారిని కారెక్కించుకుని ఊరికి వెళ్లాను. మావయ్య అరుగు మీద పేపరు చదువుతున్నాడు. సంగతంతా చెప్పి, పట్టిక ఫొటో చూపించాను. పంతులుగారు దారిలోనే ఫోన్లో పంచాంగం చూసి పోయిన తేదీకి తిథి కట్టారు, మాఘమాసం వచ్చింది. "అసలు తిథి తెలిశాక దానికే పెట్టాలండీ, శ్రావణంలో ఇక అక్కర్లేదు" అన్నారాయన.

"పెద్దలు పెట్టిన తిథి. మార్చడానికి మనమెవరం?" అన్నాడు మావయ్య.

"పెద్దలకి తెలీక పెట్టారు మావయ్యా!"

"డెబ్భై ఏళ్లు పెట్టాను. జ్వరమొచ్చినా పెట్టాను, తుఫానొచ్చి పొయ్యి ఆరిపోతే పక్కింట్లో వండించి మరీ పెట్టాను. ఇప్పుడా రోజు కాదంటే ఇన్నాళ్లూ పెట్టింది ఎవరు తిన్నట్టు?"

"ఆయనే తిన్నారండీ" అన్నారు పంతులుగారు. "ప్రేమగా పెడితే పెద్దలు క్యాలెండరు చూసి తినరు."

చక్కటి మాట. అక్కడితో నేనూరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "నీ తద్దినం నిలబడ్డం కోసం మా అమ్మ పుట్టినరోజు లేకుండానే పోవాలా? తండ్రిని మింగిందని ఊరంతా అంటుంటే ఒక్కరైనా అడ్డొచ్చారా? ఆ మాట అబద్ధమని కాగితం సాక్షిగా ఉంటే ఒప్పుకోడానికి నీకేం నొప్పి?" అని వాకిట్లో నిలబడి అరిచాను. ఎదురింటావిడ పిట్టగోడ మీంచి తల పెట్టి చూసింది. మావయ్య లేచి గేదెల కొట్టంలోకి వెళ్లిపోయాడు.

కోపంతో వెనకే వెళ్లాను. ఆయన గేదె వీపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"ఆ మాట నేను కూడా అన్నానే అమ్మాయ్. ఒకసారి కాదు. గోళీలాటలో అది గెలిచినప్పుడల్లా అన్నాను, తండ్రిని మింగినదానివి నీకు గోళీలొక లెక్కా అని. పెద్దవాళ్లు అంటున్నారు గదా, నిజమే గదా అనుకునేవాణ్ని. అదేమో ఏడ్చేది కాదు, గోళీలు నా దోసిట్లో పోసి వెళ్లిపోయేది. ఇప్పుడది నిజం కాదంటే దాని మొహం ఎలా చూడమంటావు?"

తద్దినం గొడవ కాదిది అని అప్పుడర్థమైంది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి చిన్నపిల్లాడిలా తల వంచుకుని నిలబడ్డాడు. "వస్తాను మావయ్యా" అని వచ్చేశాను.

"ఏమన్నాడే?" అంది అమ్మ.

"చూద్దామన్నాడు."

"అయితే రాడు" అంది. ఆ రాత్రి అన్నం మామూలుగానే తింది గానీ పెరుగులో ఉప్పు రెండుసార్లు వేసుకుంది.

శ్రావణ దశమి వచ్చింది. ఊళ్లో తద్దినం పెడుతున్నారో లేదో కబురు లేదు, ఫోన్ చేస్తే మావయ్య ఎత్తలేదు. నేనే నూనె పెడదామని గిన్నె తీశాను. "నువ్వు నాకంటే చిన్నదానివి, నీ చేత్తో ఎలా కుదురుతుంది?" అని పీట మీద కూర్చోనంది. కొత్త చీర మంచం మీదే మడతల్లో ఉంది. తొమ్మిది అవుతుండగా లిఫ్టు తలుపు చప్పుడైంది. చూస్తే మావయ్య! పొద్దున్నే బస్సెక్కి, బెంజ్ సర్కిల్లో దిగి, ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటి వచ్చాడు. ఒక చేతిలో పాయసం క్యారేజి, ఇంకో చేతిలో గుడ్డ మూట. తద్దినం మాఘంలో పెడతానని పంతులుగారికి చెప్పేశాడట, చుట్ట కూడా కొని దాచాడట. ఇదంతా గుమ్మంలోనే నాతో చెబుతున్నాడు, అమ్మ వైపు చూడకుండా.

అమ్మ వచ్చి పీట మీద కూర్చుంది. మావయ్య ఆ మూట విప్పి అమ్మ ఒళ్లో కుమ్మరించాడు. గోళీలు. రంగురంగుల కొత్త గోళీలు, గుప్పెళ్లకొద్దీ. కొన్ని దొర్లి సోఫా కిందకి పోయాయి.

"బాకీ తీర్చానని కాదు చెల్లాయ్. అది తీరేది కాదు" అన్నాడు. "నువ్వు ఎవర్నీ మింగలేదమ్మా. తప్పు మాదే. వెయ్యేళ్లు చల్లగా ఉండు."

అమ్మ కొంగుతో కళ్లు రెండూ గట్టిగా ఒత్తుకుంది. "చాల్లే అన్నయ్యా, చూసి పెట్టు, నూనె కళ్లలోకి కారుతోంది" అంది.

నూనె గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది.